పిచ్చి మొక్కలేనా?

ఆగస్టు 15 దగ్గర పడుతోందంటే బడి ఆవరణలో పారలు మోగుతాయి. తుమ్మి, ఉత్తరేణి, జిల్లేడు – అన్నిటినీ 'పిచ్చి మొక్కలు' అని పీకేసి క్రోటన్లు నాటుతాం. కొన్నాళ్లకే వినాయక చవితి పత్రికి ఆ జిల్లేడాకు కోసం కాలువ గట్లన్నీ వెతుకుతాం! ఇది శుభ్రత కాదని నా అభిప్రాయం.

క్రోటన్‌ను పెంచేది ఆకుల రంగు కోసం. దాని పూవును మీలో ఎందరు చూశారు? జిల్లేడు పూలకు నల్లని తుమ్మెదలు వచ్చి పరాగసంపర్కం చేస్తాయి. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక దాని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఆ ఆకులే తిని పెరుగుతుంది. తుమ్మి పూలు చిన్నవే, అయినా వాటి తేనెకు తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వస్తాయి.

అమలాపురం నుంచి రాజోలు దాకా ఏడాది పొడవునా కొబ్బరి పూత ఉంది గదా, ఇవెందుకు అంటారేమో! తేనెటీగ వరకు అది నిజమే. ఆ రుణమూ అది తీర్చుకుంటుంది. పొడుగు రకం కొబ్బరిలో ఒక గెలలోని మగపూలు రాలాక గాని ఆడపూలు సిద్ధం కావు. వేరే చెట్టు పుప్పొడిని తేనెటీగో, గాలో తేవాలి. కాని ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు కొబ్బరాకు ముట్టదే!

జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. కనుక చిన్న తరగతులకు దూరంగా, వెనక గోడ పక్కన రెండు గజాల చోటు చాలు. తుమ్మిని మాత్రం ఎక్కడ మొలిస్తే అక్కడే ఉండనివ్వండి.