పాలు చాలలేదని రాసిందెవరు?

నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో, పుట్టగానే ఊపిరాడకనో ప్రమాదంలో పడ్డ పిల్లల తల్లులు, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వకుండా మధ్యలోనే ఎందుకు మానేస్తున్నారు? ఈ ప్రశ్న మీద వచ్చే పరిశోధనా పత్రాలు వృత్తిరీత్యా నాకు చదవక తప్పదు. చాలావాటిలో ఒక పట్టిక ఉంటుంది. తల్లి వయసు, తల్లి చదువు, తల్లి ఉద్యోగం, తల్లి ఆందోళన, తల్లికి అవగాహన లేకపోవడం, పాలు చాలడం లేదన్న తల్లి 'భావన'. అన్నీ తల్లివే! బిడ్డ ఉన్న వార్డు తలుపు రోజుకి ఎన్ని గంటలు మూసి ఉంటుంది, తల్లి ఎక్కడ పడుకుంది, ఏం తిన్నది అనే వాటికి ఆ పట్టికలో గడి ఉండదు. గడి లేనిది కారణమూ కాకుండా పోతుంది.

పాల సంగతి మన అమ్మమ్మలకి తెలిసిందే. తాగేకొద్దీ వస్తాయి. బిడ్డ తాగకపోయినా, చేత్తోనో పంపుతోనో తీయకపోయినా ఒంట్లో పాలు తయారవడం తగ్గిపోతుంది. 34 వారాలు నిండని బిడ్డకి చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం కలిపి చేయడం సాధారణంగా చేతకాదు. గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టాలి. అంతకాలమూ తల్లి రోజుకి కనీసం ఎనిమిదిసార్లు, రాత్రిళ్లు కూడా పాలు తీస్తూ ఉండాలి. కాన్పయిన కొద్ది గంటల్లోనే మొదలుపెట్టాలి. ఆ కొద్ది గంటల్లో ఆమె పక్కన కూచుని ఈ మాట చెప్పి, చేత్తో ఎలా తీయాలో చూపించే మనిషి ఎవరు? ఏ ఉద్యోగి పని అది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లే. పచ్చికుట్లతో ఉన్న మనిషి గోడ పట్టుకుని నడిచి పిల్లల వార్డు దాకా వస్తే, "ఇప్పుడు టైం కాదమ్మా" అంటారు. ఒక జిల్లా ఆసుపత్రిలో కలిసిన తల్లి నాతో అన్న మాటలు ఇవి: "మూడో దినం పాలు పడ్డయి. రాళ్లలెక్క గట్టిపడి జెరమొచ్చింది. పిలగాడు లోపల బాక్సుల ఉండె. బాత్రూంల పిండి పారబోసిన." అదే సమయంలో లోపల ఆ బిడ్డకి డబ్బాపాలు పడుతున్నారు. ఆ డబ్బా కొనుక్కొచ్చింది కూడా వాళ్ల ఇంటివాళ్లే, చీటీ మీద రాసిస్తే. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రం తల్లికి పాలు చాలడం లేదని ఉంది.

నెలలు నిండని పిల్లలకి డబ్బాపాలు పడితే పేగులు దెబ్బతినే ప్రాణాంతకమైన జబ్బు ముప్పు పెరుగుతుందని వైద్యులకి బాగా తెలుసు. డబ్బాపాల ప్రచారాన్నీ ఉచిత నమూనాలనీ నిషేధించే చట్టం 1992లో వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. ప్రకటన ఆగింది గానీ చీటీ ఆగలేదు. తల్లి పాలు దొరకని బిడ్డకి మరో తల్లి పాలు అందించే పాలబ్యాంకు ముంబాయి సయాన్ ఆసుపత్రిలో 1989లోనే మొదలైంది. అది ప్రతి జిల్లాకీ రావడానికి ఇంకెన్నేళ్లు కావాలో!

ఇక తిండి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం మామూలు కాన్పుకి మూడు రోజులు, సిజేరియన్‌కి ఏడు రోజులు తల్లికి ఉచిత భోజనం హామీ ఇచ్చింది. జబ్బుపడ్డ బిడ్డకి వైద్యం, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితమన్నది. బిడ్డ నెలరోజులు లోపలే ఉంటే? ఎనిమిదో రోజు నుంచి ఆ తల్లి పేషెంటు కాదు, అటెండెంటు. మంచం పోయింది, అన్నం పోయింది, వరండాలో చాప మిగిలింది. ఆమె దగ్గర పాలు మాత్రం కావాలి అందరికీ.

ఇంతకంటే మార్గం లేదా అంటే, ఉంది. ఇండియాతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2021లో వెలువడింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న పిల్లల వార్డులోనే తల్లికి మంచం వేశారు. పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకి హత్తుకున్న పిల్లల్లో 28 రోజుల్లోపు నూటికి 12 మంది చనిపోతే, కుదుటపడేదాకా వేరుగా ఉంచిన పిల్లల్లో 15.7 మంది చనిపోయారు. అంటే తల్లి మంచం మర్యాద కోసం వేసేది కాదు, వైద్యంలో భాగం.

మనవాళ్లలో కొందరికి తల్లిపాల ప్రచారమంటేనే చిరాకు. నాకూ ఉంది. 'అమృతం', 'త్యాగమూర్తి' అంటూ స్త్రీని ఇంటికి కట్టేసే మాటలు అందులో బోలెడు. ఇవ్వాలో వద్దో తల్లి ఇష్టమనే నేనూ అంటాను. కానీ పాలు పిండి పారబోసిన ఆ మనిషి ఏం ఎంచుకున్నట్టు?

ఇంటికెళ్లాక "నీ పాలల్ల బలం లేదు" అనే అత్తగారు సరే, మామూలే. చట్టం సంగతి చూడండి. 2017 సవరణ 26 వారాల సెలవు ఇచ్చింది, ఉద్యోగముంటే. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న రోజులూ అందులోంచే పోతాయి. నెలలు నిండని కాన్పువల్ల జబ్బుపడితే, రుజువు చూపిస్తే, మరో నెల. పత్తి ఏరే కూలీకి 26 వారాలూ లేవు, ఆ నెలా లేదు.

ఆగస్టు మొదటి వారం వస్తే మన సంస్థలు కూడా తల్లిపాల వారోత్సవాలు చేస్తాయి. తలుపు బయట నిలబెట్టిన మనిషికి పాల గొప్పదనం మీద పోస్టరు చూపిస్తాం. ఈ ఏడు పోస్టర్లు మానేసి మీ జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. రాత్రి పదకొండింటికి తల్లిని పిల్లల వార్డులోకి రానిస్తారా, ఎనిమిదో రోజు ఆమెకి భోజనం ఎవరు పెడతారు, పాలు తీసుకోవడానికి చాటుగా ఒక గది ఉందా అని సూపరింటెండెంటుని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఇంటికి పంపే కాగితంలో మరో గడి పెట్టించాలని కూడా అడగండి: తల్లిని బిడ్డ దగ్గరికి మొదటిసారి ఏ తేదీన, ఎన్ని గంటలకి రానిచ్చారు?