ఊరు పేరు చెప్పగానే

2019 జూన్ 14 రాత్రి గన్నవరం విమానాశ్రయంలో భద్రతా సిబ్బంది చంద్రబాబు నాయుడు గారిని తనిఖీ చేశారు. ఆయన పార్టీ ఓడిన ఎన్నికల ఫలితాలు వచ్చి అప్పటికి మూడు వారాలు. విమానం దాకా ప్రత్యేక వాహనం కూడా ఇవ్వకపోవడంతో ఆయన తోటి ప్రయాణికులతో కలిసి బస్సులోనే వెళ్లారు. ఇంత అవమానమా అని తెలుగుదేశం వాళ్లు భగ్గుమన్నారు. 2009లోనూ ఇలాగే జరిగింది. ఢిల్లీ విమానాశ్రయంలో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారిని సోదా చేశారని తెలిసి పార్లమెంటు అట్టుడికిపోయింది. మా నిబంధన అందరికీ ఒకటేనని ఆ సంస్థ మొదట చెప్పి చూసింది, చివరికి క్షమాపణ చెప్పుకుంది.

ఆ రెండుసార్లూ మనకు అంత కోపం ఎందుకొచ్చింది? మామూలు ప్రయాణికుడికి రోజూ జరిగేదే వాళ్లకూ జరిగింది. ప్రాణహాని ఉన్న నాయకుణ్ణి బస్సులో పంపవచ్చా అన్నది వేరే ప్రశ్న, అది అడగాల్సిందే. తనిఖీ వరకు మాత్రం నాకు అందులో తప్పేమీ కనపడలేదు. మన దేశంలో విమానాశ్రయాల్లో సోదా అక్కర్లేని వాళ్ల జాబితా ఒకటుంది. రాష్ట్రపతి నుంచి మొదలుపెట్టి అది చాంతాడంత. ఏ పదవీ లేని రాబర్ట్ వాద్రా పేరు 2015 దాకా అందులో ఉంది. ఆ జాబితాలో చోటు దక్కడమే గౌరవమని మనం ఒప్పేసుకున్నాం. అందుకే అందరితో సమానంగా చూస్తే అవమానమనిపిస్తోంది.

ఇంకో జాబితా కూడా ఉంది. దాన్ని ఏ గోడ మీదా అంటించరు. వీళ్లను ఆపు, రెండోసారి అడుగు, ఫోను తీసుకుని చూడు అని చెప్పే జాబితా అది. మనిషి చేసిన పనిని వదిలేసి పేరు, మతం, రంగు, ఊరు చూసి అనుమానించడాన్ని ఇప్పుడు ప్రొఫైలింగ్ అంటున్నారు. ఈ వారం రాయదలుచుకున్నది ఈ రెండో జాబితా గురించి. అందులో మన పిల్లలున్నారు. మనం ఎక్కించిన వాళ్లూ ఉన్నారు.

2015 డిసెంబరు సంగతి విజయవాడలో చాలా ఇళ్లకు గుర్తుండే ఉంటుంది. చేతిలో వీసా, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం పెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన తెలుగు విద్యార్థులను గంటల తరబడి ప్రశ్నించి వెనక్కి పంపేశారు. శాన్‌హోజేలోని సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, ఫ్రీమాంట్‌లోని నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్ యూనివర్సిటీల్లో సీట్లు రావడమే వాళ్ల మీద అనుమానానికి మూలం. అదే నెలలో ఎయిర్ ఇండియా 19 మందిని హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు. మమ్మల్ని ఎవరూ నిషేధించలేదని ఆ కాలేజీలు చెప్పుకున్నా లాభం లేకపోయింది. మళ్లీ 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి ఒక్క రోజులో 21 మంది విద్యార్థులను తిప్పి పంపారు. వాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. వీసా ఇచ్చింది అమెరికా ప్రభుత్వమే, వద్దన్నదీ ఆ ప్రభుత్వమే. పొలం తాకట్టు పెట్టో, బ్యాంకులో లోనుకు తిరిగో పంపిన తల్లిదండ్రులకు కారణం చెప్పే బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

అమెరికాలో 1996లో వచ్చిన వలస చట్టం విమానాశ్రయంలోని వలస అధికారికి చాలా అధికారం ఇచ్చింది. జడ్జి ముందుకు తీసుకెళ్లకుండానే అక్కడికక్కడ వెనక్కి పంపవచ్చు. అలా పంపితే అయిదేళ్లు మళ్లీ ఆ దేశం మొహం చూడటానికి లేదు. ఆ నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించే దారి దాదాపు లేదు. అందుకే ఇప్పుడు ప్రయాణానికి ముందు ఇంట్లో వాళ్లు సామాను సర్దడం కన్నా ఎక్కువగా ఫోను మీద శ్రద్ధ పెడుతున్నారు. "పార్ట్ టైం అన్న మాట వాట్సాప్‌లో ఎక్కడున్నా తీసెయ్యి నాన్నా, పోర్ట్ ఎంట్రీలో చూస్తారంట" అని తల్లులు చెప్పే రోజులొచ్చాయి.

మరి అనుమానానికి ఆస్కారమే లేదా? ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడ్డప్పుడు అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు మన వాళ్లే. వాళ్లలో కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టి పంపారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే దొంగ కాలేజీ పెట్టి వల వేస్తే 129 మంది భారతీయ విద్యార్థులు అదుపులోకి వెళ్లారు. అందులోకి జనాన్ని చేర్పించినందుకు పట్టుబడ్డ దళారులూ తెలుగువాళ్లే. అరువు డబ్బు ఖాతాలో వేయించి ఫండ్స్ చూపించడం, లేని అనుభవానికి సర్టిఫికెట్ పుట్టించడం మన పట్టణాల్లో అందరికీ తెలిసిన వ్యాపారమే. దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. అలాంటి కన్సల్టెన్సీని మూయించాలి, అలాంటి కాలేజీని మూయించాలి. అక్కడ ఆధారం ఉంటుంది, బాధ్యుడు ఉంటాడు. కానీ ఆ వ్యాపారంతో ఏ సంబంధమూ లేని పిల్ల, ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడి ఊరు పేరు చెప్పగానే మొహం మారిపోయే అధికారికి ఏం రుజువు చూపించగలదు?

తప్పుచేసిన వాళ్లు ఒక ప్రాంతం నుంచి ఎక్కువగా వస్తున్నప్పుడు ఆ ప్రాంతం వాళ్లను ఎక్కువగా ఆపితే తప్పేమిటి, సిబ్బంది తక్కువ, ప్రయాణికులు ఎక్కువ, ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి కదా అని సమర్థించేవాళ్లు అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికా కస్టమ్స్ శాఖే దీనికి జవాబు చెప్పింది. 2000లో అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. విమానాశ్రయాల్లో ఆపిన నల్లజాతి అమెరికన్ మహిళలను మాదకద్రవ్యాల అనుమానంతో ఎక్స్‌రే తీయించడం శ్వేతజాతి మహిళల కన్నా 9 రెట్లు ఎక్కువగా జరుగుతోందని, తీరా సరుకు దొరికే అవకాశం మాత్రం సగం కన్నా తక్కువని తేల్చింది. కస్టమ్స్ కమిషనర్ రేమండ్ కెల్లీ అప్పటికే పద్ధతి మార్చడం మొదలుపెట్టారు. చర్మం రంగు మీద ఆధారపడే అస్పష్టమైన గుర్తుల చిట్టా తీసేసి, ప్రవర్తన, ప్రయాణ వివరాలు, ఖచ్చితమైన సమాచారం చూడమన్నారు. సోదా చేయాలంటే పై అధికారి అనుమతి కావాలన్నారు. రెండేళ్లలో సోదాల సంఖ్య నాలుగింట మూడొంతులు పడిపోయింది. సోదా చేసిన వాళ్లలో సరుకుతో దొరికిన వాళ్ల శాతం రెట్టింపు దాటింది. మొహం చూసి ఆపడం మానేసిన తర్వాతే సోదాలకు గురి కుదిరింది.

అయినా ఆ దేశంలో ఈ పాఠం సరిహద్దు దగ్గర ఆగిపోయింది. మెక్సికన్‌లా కనిపించడం ఒక్కటే సరిపోదు గాని, ఒక అంశంగా లెక్కలోకి తీసుకోవచ్చని 1975లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో జాతిని బట్టి అనుమానించొద్దని కేంద్ర పోలీసు సంస్థలకు ఆదేశాలిచ్చినప్పుడు కూడా సరిహద్దు భద్రతకు వెసులుబాటు వదిలారు.

అమెరికా మాట అలా ఉంచి, మన రైలు మార్గంలోకి వద్దాం. బాపట్ల దాటి చీరాల వైపు వెళ్తుంటే స్టువర్టుపురం అనే స్టేషన్ వస్తుంది. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద 1913 ప్రాంతంలో పుట్టిన ఊరు అది. సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ సెటిల్మెంట్‌లో ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టారు. బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ అలాంటిదే ఉండేది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక గెజిట్ ప్రకటన చేస్తే చాలు, ఒక కులం కులమంతా నేరస్థులైపోతారు. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదని ఆ చట్టంలోనే రాసి పెట్టారు. వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేయించుకోవాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మన పిల్లలకు ఒక రాత్రి ఎదురైనది ఇక్కడ మూడు తరాల వాళ్లకు జీవితాంతం ఎదురైంది.

ఎరుకల వాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లో తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. ఉప్పు ఎరుకల వాళ్లు తీరం నుంచి లోపలి గ్రామాలకు ఎద్దుల మీద ఉప్పు, గింజలు మోసుకెళ్లి అమ్మేవాళ్లు. దబ్బ ఎరుకల వాళ్లు వెదురు బద్దలతో బుట్టలు అల్లేవాళ్లు. రైలు వచ్చింది, కాలువలు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం వచ్చింది, ఎద్దుల వర్తకం చచ్చిపోయింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ స్టువర్టుపురం మీద చేసిన పరిశోధనలో ఈ క్రమమంతా ఉంది. బతుకు పోయినవాళ్లు తిరుగుతుంటే తిరగడాన్నే నేరమన్నారు. సెటిల్మెంట్లోకి చేర్చాక వాళ్లు చీరాల పొగాకు కంపెనీకి చవకగా దొరికే కూలీలయ్యారు. నేరం మాన్పించడానికే ఇదంతా అని చెప్పిన మాట వెనక ఆ కూలి లెక్క కూడా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక మన తిరుచానూరు బిడ్డ అనంతశయనం అయ్యంగార్ నాయకత్వంలోని సంఘం నేరస్థ తెగల చట్టాన్ని పూర్తిగా తీసేయమంది. 1952 ఆగస్టు 31న అది పోయింది. కానీ దాని స్థానంలోకి రాష్ట్రాలు అలవాటుపడిన నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. మన రాష్ట్రం 1962లో చేసుకుంది. కులం పేరు కాగితం మీద నుంచి పోయింది, పోలీసు స్టేషన్ రిజిస్టరు మిగిలింది. కోస్తాలో ఎక్కడ ఇల్లు దోచినా మొదటి జీపు ఆ ఊరికే వెళ్లేది. 1970ల్లో జాషువా గారి కుమార్తె హేమలత గారు, ఆమె భర్త లవణం గారు విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి వెళ్లి అక్కడ పనిచేశారు. నేరం వదిలిన వాళ్లకు భూమి, బడి, పని చూపించాలని ప్రభుత్వాల వెంటపడ్డారు. ఆ దంపతుల శ్రమను ఈ నగరం గుర్తుపెట్టుకోవాల్సినంతగా గుర్తుపెట్టుకోలేదని నాకు బాధ. మనం గుర్తుపెట్టుకున్నది సినిమాలను. 1991లో ఒకటి, 2023లో ఇంకొకటి, ఆ ఊరంటే దొంగల ఊరే. ఆ ఊరి నుంచి చదువుకుని ఉద్యోగాలకు వచ్చిన వాళ్లు ఊరు పేరు చెప్పడానికి ఈ రోజుకీ తటపటాయిస్తారు. అమెరికాలో అనుమానపు చూపు పడిందని రోదించే మధ్యతరగతి ఇళ్లలోనే, స్టువర్టుపురం అనగానే నవ్వుకుంటూ జేబులు తడుముకునేవాళ్లున్నారు. ఈ రెండూ ఒకటే పని. మన కోపం నిజమైనదైతే రెండో చోట కూడా రావాలి.

ఊరు, కులమే కాదు, మతం చూసి అనుమానించడమూ ఇక్కడ జరిగింది. 2007 మక్కా మసీదు పేలుళ్ల తర్వాత హైదరాబాద్‌లో ముస్లిం యువకులను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ప్రభుత్వం తప్పు ఒప్పుకుని పరిహారం ఇస్తే 2013లో హైకోర్టు ఆ పరిహారాన్నే కొట్టేసింది. పోయిన ఉద్యోగం, చెదిరిన సంబంధం, చుట్టాల ఇళ్లలో మారిన మాట తీరు, వీటికి పరిహారం ఎవరూ అడగనే లేదు.

ఇప్పుడు యంత్రం వచ్చింది కాబట్టి పక్షపాతం పోతుందని కొందరు నమ్ముతున్నారు. డిజియాత్ర మొదట వచ్చిన ఏడు విమానాశ్రయాల్లో విజయవాడ ఒకటి. 2023 నుంచి గన్నవరంలో ముఖం చూపించి లోపలికి వెళ్లవచ్చు. ఇష్టమైతేనే అని చెబుతున్నారు, ఆ మాట నిలబడాలి. అమెరికా ప్రమాణాల సంస్థ 2019లో ముఖ గుర్తింపు ఆల్గారిథమ్‌లను పరీక్షించినప్పుడు వాటిలో చాలావరకు ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాల్లో ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉంది. నేరస్థుల ఫొటోల్లో ఏ కులాల, ఏ మతాల వాళ్లు ఎక్కువగా ఉన్నారో చూడకుండా ఆ ఫొటోల మీద యంత్రాన్ని నడిపితే 1911 నాటి రిజిస్టరు మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. అందుకే ఆధార్, టిక్కెట్ చూపించి వెళ్లే పాత వరుస గన్నవరంలో ఎప్పటికీ తెరిచే ఉండాలి, అక్కడ నిలబడిన వాళ్లను అనుమానంగా చూడకూడదు.

నేను కోరేది తనిఖీ ఎత్తేయమని కాదు. విమానం ఎక్కే ప్రతి సంచీ, ప్రతి జేబూ చూడాలి, ముఖ్యమంత్రిదైనా సరే. ఒకరిని పక్కకు పిలిచి మరింత అడగాల్సి వస్తే, ఆ మనిషి చేసిన పనిలో, చూపిన కాగితంలో కనిపించిన కారణం ఏమిటో రాసి ఆ మనిషి చేతికి ఇవ్వాలి. విదేశాంగ శాఖ అమెరికాతో మాట్లాడేటప్పుడు ఆ కాగితమే అడగాలి. అడిగే ముందు ఇక్కడ మనం ఇవ్వాలి. 2024 అక్టోబరులో, జైళ్లలో కుల వివక్ష మీద వేసిన సుకన్యా శాంత కేసు తీర్పులో సుప్రీంకోర్టు, అలవాటుపడిన నేరస్థుల చట్టాలు అసలు అవసరమా అని రాష్ట్రాలను ఆలోచించమంది. మన శాసనసభలో ఏ పార్టీ సభ్యుడైనా సరే లేచి 1962 చట్టం గురించి ఒక ప్రశ్న వేయాలి. ఆ చట్టం పేరుతో ఏ స్టేషన్ రిజిస్టరులో ఎంతమంది పేర్లు చేరాయో, వాళ్లలో ఎరుకల, యానాది, లంబాడా కుటుంబాల వాళ్లు ఎంతమందో, చివరిగా ఏ పేరు ఎప్పుడు తీసేశారో హోంమంత్రి సభ ముందు పెట్టాలి.