బ్యాటరీపై 3.7... లోపల 4.2!

బడిలో సైన్సు ప్రదర్శన ఉందంటే చాలు, ఇంట్లో మూలపడ్డ సెల్‌ఫోన్లకు గిరాకీ వస్తుంది. మొక్కకు తనంతట తానే నీళ్లు పోసే యంత్రమో, తలుపు తీయగానే మోగే గంటో చేయడానికి పిల్లలు ఆర్డునోలాంటి బుల్లి కంప్యూటర్ బోర్డు కొనుక్కొస్తారు. మరి దానికి కరెంటో? పాత ఫోన్లోని లిథియం బ్యాటరీ ఉందిగా! చిన్నది, తేలికైనది, మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోవచ్చు. రెండు వైర్లు తగిలిస్తే సరిపోదా?

కొన్ని బోర్డులకు సరిపోతుంది. కొన్ని మాత్రం ఆ దెబ్బతో మాడిపోతాయి. ఏది ఎలాంటిదో ముందే తెలుసుకుంటే బోర్డూ, బ్యాటరీ రెండూ దక్కుతాయి.

బ్యాటరీ మీద 3.7 వోల్టులని రాసి ఉంటుంది. అది సగటు లెక్క. నిండుగా ఛార్జి చేసినప్పుడు అందులో 4.2 వోల్టులుంటాయి. వాడేకొద్దీ తగ్గుతూ 3 దాకా దిగుతుంది. మిద్దెమీది ట్యాంకు నిండుగా ఉంటే కుళాయి ధార జోరుగా, అడుగంటితే సన్నగా వస్తుంది చూడండి, అలాగన్నమాట. కాబట్టి బోర్డు ఈ రెండు కొసలనూ తట్టుకోగలదా అన్నదే ప్రశ్న.

ఏ బోర్డుకు ఎలా?

ఆర్డునో ఊనో: గుండ్రటి పవర్ సాకెట్‌కు 7 నుంచి 12 వోల్టులు కావాలి. ఒక్క సెల్లు చాలదు. 5 వోల్టుల పిన్నుకు నేరుగా కలిపితే వెలగొచ్చు. కానీ 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే దాని చిప్‌కు కనీసం 3.8 వోల్టులైనా ఉండాలి. బ్యాటరీ సగమయ్యేసరికి పని తడబడుతుంది. వోల్టేజీని 5కు పెంచే బూస్ట్ మాడ్యూల్‌ను మధ్యలో పెడితే ఈ ఇబ్బంది ఉండదు.

ఈఎస్‌పీ32: వై-ఫై ఉన్న ఈ బోర్డులోని చిప్ 3.6 వోల్టులకు మించి భరించలేదు. 3.3 అని రాసి ఉన్న పిన్నుకు నిండు బ్యాటరీ తగిలిస్తే చిప్ పాడైపోయే ప్రమాదముంది. పోనీ 5 వోల్టుల పిన్నుకు కలుపుదామంటే, చాలా బోర్డుల్లో ఉండే రెగ్యులేటర్ తనకోసమే ఒక వోల్టు దాకా మింగేస్తుంది. మిగిలింది చాలక, వై-ఫై సంకేతం పంపేటప్పుడల్లా బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. తక్కువ వోల్టేజీ మింగే ‘లో డ్రాపౌట్’ రెగ్యులేటర్ వాడాలి. లేదంటే బ్యాటరీ సాకెట్ ఉన్న బోర్డే కొనుక్కోవాలి.

రాస్ప్‌బెర్రీ పై పీకో: 2021లో వచ్చిన ఈ బోర్డుకు నేరుగా కలపొచ్చు. దీని వీఎస్‌వైఎస్ పిన్ను 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా తీసుకుంటుంది. కానీ ఒక చిక్కుంది. బ్యాటరీ ఉండగానే యూఎస్‌బీ వైరు కూడా పెడితే, ఆ కరెంటు అదుపు లేకుండా బ్యాటరీలోకి ఎక్కుతుంది. ఇది మంటలకు దారితీయొచ్చు. బ్యాటరీ వైరులో ఒక షాట్కీ డయోడ్ పెడితే కరెంటు వెనక్కి పోదు.

బ్యాటరీకీ ఓ హద్దు

లిథియం బ్యాటరీని పూర్తిగా పిండేయకూడదు. 3 వోల్టుల దగ్గరే ఆపేయడం మేలు. ఫోన్ బ్యాటరీల్లో సాధారణంగా రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసిన గొట్టంలాంటి 18650 సెల్లుల్లో చాలావాటికి అది ఉండదు. విడిగా తగిలించాలి.

ఛార్జింగుకు మార్కెట్లో దొరికే టీపీ4056 మాడ్యూల్ 4.2 దగ్గర తనే ఆపేస్తుంది. అయితే అది మామూలుగా ఒక ఆంపియర్ కరెంటు పంపుతుంది. 500 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీకి అది మరీ ఎక్కువ. మాడ్యూల్ మీది ఒక రెసిస్టర్ మారిస్తే కరెంటు తగ్గుతుంది. అక్కడ పెద్దల సాయం తప్పనిసరి.

ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగుకు పెట్టకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చేయాలి. బ్యాటరీ తీగలకు నేరుగా టంకం వేయడం, ప్లస్సు మైనస్సు తాకనివ్వడం కూడా ప్రమాదమే.

వైర్లు కలిపేముందు మల్టీమీటర్‌తో వోల్టులు చూసి, ప్లస్సు మైనస్సు సరిచూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం. ప్రదర్శన రోజు పొద్దున్నే కొత్త బోర్డు కోసం దుకాణాల చుట్టూ తిరగడం కంటే అది తేలికే కదా!