డెడ్ జోన్ పెంచితే జాయ్‌స్టిక్ బాగుపడుతుందా?

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172ని శంషాబాద్‌లో దించుతుంటే, నేను స్టిక్ మెలితిప్పకుండానే ముక్కు ఎడమకి పోతోంది. విండోస్ కాలిబ్రేషన్ తెరిచి చూస్తే, చెయ్యి తీసేసినా రడ్డర్ యాక్సిస్ రీడింగ్ గంతులేస్తోంది. వేరే కంప్యూటర్‌కి తగిలించినా అదే తంతు.

కంపెనీకి మెయిల్ కొడితే వచ్చిన సలహా: "డెడ్ జోన్ పెంచుకోండి". ఎక్సెప్షన్ వస్తే ఖాళీ క్యాచ్ బ్లాక్ పెట్టి, ఫిక్స్ చేశానని టికెట్ మూసేసినట్టు లేదూ! డెడ్ జోన్ అంటే మధ్యలో చిన్న కదలికల్ని లెక్కచెయ్యకపోవడం. ల్యాండింగ్‌లో రడ్డర్‌తో మనం చేసేవి ఆ చిన్న కదలికలే కదండీ. పైగా రీడింగ్ ఆ హద్దు దాటి గెంతితే అదీ దండగే.

అసలు రోగం లోపలి పొటెన్షియోమీటర్‌ది. కార్బన్ పూత మీద వైపర్ రాసుకుంటూ తిరుగుతుంది, అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్ళు సర్దుకోవచ్చు, అరిగిన పూత మాత్రం తిరిగి రాదు. అదే అయస్కాంతం, హాల్ సెన్సార్ పెడితే అక్కడ రాపిడే ఉండదు. ఇదేం కొత్త సంగతి కాదు, 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది.

ఖర్చంటారా? సరే, పొటెన్షియోమీటరే పెట్టండి. విప్పి మార్చుకునేలా పెట్టొచ్చుగా? విడిగా అమ్మొచ్చుగా? కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగా, దీని షాఫ్టుకి సరిపోయేది దొరకలేదు.

"వారంటీ అయిపోయింది, కొత్తది కొనండి" అన్నారు చివరికి. కొంటాను, వీళ్ళ దగ్గర కాదు. మీరు కొనేటప్పుడు కూడా ఒకటి అడగండి: డబ్బా మీద హాల్ సెన్సార్ అని రాసి, రడ్డర్‌కి మాత్రం పొటెన్షియోమీటర్ పెట్టే మోడళ్ళున్నాయి.