శిరస్సునకు రక్ష, కాళ్ళ కుపేక్ష

తల పోయినచో మనుష్యుడు పోవును. కాలు పోయినచో సంసారము కుంటుపడును. ఇందు మొదటి సంగతిని మన జనులు ఇప్పుడిప్పుడే గ్రహించుచున్నారు. రెండవదానిని గూర్చి యోచించువారు మిక్కిలి యరుదు. ఉదయము తొమ్మిది గంటలవేళ మన పట్టణములలో నే కూడలియందు నిలిచి చూచినను మోటారు సైకిళ్ళ ప్రవాహమే కానవచ్చును. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పాలవారు, ఇంటింటికిని భోజనపు పొట్లములు చేర్చు యువకులు, అందఱకు నదియే వాహనము. వీరిలో హెల్మెట్టు ధరించువారి సంఖ్య హెచ్చుచున్నది, సంతోషమే. కాని చూపును తలనుండి కాళ్ళకు దింపినచో నేమి కనబడును? పలుచని పంట్లాము, లేదా మోకాలివరకు ఎగగట్టిన లుంగీ, ఱబ్బరు చెప్పులు. శిరస్సునకు కవచము, కాళ్ళకు దైవమే దిక్కు!

ఈ యుపేక్షకు శాసనము కొంత కారణము. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను శిరస్త్రాణమును విధించినది. 2019లో దానిని సవరించిరి. 1989 నాటి నిబంధనలలో 123వది, వెనుక కూర్చున్నవారి వస్త్రము చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు నడ్డును అమర్పవలయునని చెప్పుచున్నది. చీరకొంగును గూర్చి యోచించిన శాసనకర్తలు మోకాలిని గూర్చి యోచింపలేదు. చట్టము విధింపనిది యవసరము లేనిదని యెంచుట మనవారి కలవాటు. న్యాయస్థానములలో పనిచేయు మాకు ఈ యలవాటు ఫలము నిత్యమును కంటబడుచుండును.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములందు మృతి చెందినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనములవారు. ఇవి మరణముల లెక్కలు. బ్రతికి బయటపడి నెలల తరబడి మంచము పట్టినవారి గోడును ఏ యంకెలు చెప్పగలవు? మోటారు సైకిలు ప్రమాదములలో తఱచుగా దెబ్బతిను నవయవము కాలని వైద్యులందఱు నెఱుగుదురు. కారణము స్పష్టము. బండి ప్రక్కకు ఒరిగినప్పుడు దాని క్రింద పడునది కాలే. ఎదుటి వాహనము తాకినప్పుడు రెంటినడుమ నలుగునది కాలే. మోకాలి క్రింది పెద్ద యెముక ముందువైపున చర్మమున కంటియే యున్నది. నడుమ కండ యడ్డము లేదు. అది విఱిగినచో చర్మమును చీల్చుకొని బయటికి వచ్చుట సులభము. ఆ గాయమున మట్టి చేరి చీము పట్టినచో అతుకుట కెన్ని మాసములు పట్టునో చెప్పజాలము.

"బీమా యున్నది గదా" యనువారు కలరు. పరుల యజాగ్రత్తవలన గాయపడినవాడు ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. అంగవైకల్యము శరీరమున నూటికెంత యని మాత్రమే కాక, వాని వృత్తిని బట్టి సంపాదనాశక్తి యెంత తగ్గినదో చూడవలయునని 2011లో సుప్రీంకోర్టు వివరించినది. చేయి పోయిన గుమాస్తాకు కొలువు నిలువవచ్చును. డ్రైవరునకో వడ్రంగికో అట్లైనచో జీవనాధారమే పోవునని ఆ తీర్పులోని దృష్టాంతము. కాలికి నదే న్యాయము. కాని యిసుకపైనో, ఒలికిన నూనెపైనో తనంతట తాను జాఱిపడినవాని మాట యేమి? పరిహారమిచ్చుటకు ప్రతివాదియే లేడు. బండి యజమానికి నిర్బంధముగా నేర్పడిన 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా మరణమునకును, అవయవ నష్టమునకును, శాశ్వత సంపూర్ణ వైకల్యమునకును ఉద్దేశింపబడినది. ఎముక విఱిగి ఆఱు మాసములు మంచముననుండి, పిదప లేచి నడచినవానికి దానివలన నొక్క రూపాయియు రాదు. ఆ ఆఱు మాసములు ఇల్లు గడచు టెట్లు?

కావున రక్షణమును ముందుగనే కొనుట మేలు. ఎట్టిదానిని కొనవలయును? పడినవానికి రెండు విధములైన యాపదలు: తారురోడ్డుపై నీడ్వబడుట, గట్టి వస్తువునకు కొట్టుకొనుట. మొదటిదానికి గట్టి బట్ట, రెండవదానికి మెత్త, అనగా ప్యాడు, వలయును. ఒకటి మఱియొకదాని పని చేయజాలదు. సామాన్యపు జీన్సు చూపునకు దళసరియే కాని, తారు రాపిడికి త్వరలోనే చిఱుగును. 1965లో అమెరికాలోని డ్యూపాంటు సంస్థలో స్టెఫనీ క్వోలెక్ అను శాస్త్రజ్ఞురాలి పరిశోధనవలన కెవ్లారు దారము పుట్టినది. అట్టి దారమును పిఱుదులవద్దను మోకాళ్ళవద్దను లోపలివైపున చేర్చి కుట్టిన పంట్లాములు నేడు మన దేశమునను దొరకుచున్నవి.

2020లో యూరపువారు ప్రకటించిన ఈఎన్ 17092 ప్రమాణములో ఏఏఏ, ఏఏ, ఏ యను తరగతులు గలవు. మిక్కిలి రాపిడి తగులు భాగములను గంటకు సుమారు 120, 70, 45 కిలోమీటర్ల వేగములకు సరిపడునట్లు వరుసగా పరీక్షింతురు. బి తరగతి వస్త్రమున మెత్తలుండవు. సి తరగతిది మెత్తలను నిలుపుటకే కాని రాపిడిని తట్టుకొనదు. మెత్తల ప్రమాణము ఈఎన్ 1621-1. అందు రెండవ స్థాయి మొదటిదానికంటె దెబ్బను మిన్నగా నాపును. పట్టణములో నలువది, ఏబది కిలోమీటర్ల వేగమున తిరుగువానికి ఏఏ తరగతి చాలునని మా యభిప్రాయము.

ముద్ర చూచి కొనుట చాలదు. అంగడిలో నిలువబడి చూచిన చక్కగా నమరిన పంట్లాము, బండిపై కూర్చుండగనే పైకి జరుగును. కనుక మోకాళ్ళు వంచి కూర్చుండి పరీక్షింపవలయును. మెత్త మోకాటిచిప్పను పూర్తిగా కప్పవలయును. చేతితో లాగిన ప్రక్కకు తొలగరాదు. తొలగిన మెత్త లేని మెత్తతో సమానము. తుంటికిని మెత్తలున్న మఱియు మేలు. పలుచని నైలాను బట్ట సైలెన్సరు వేడికి కరగి చర్మమున కంటుకొనునని మఱవరాదు. చీలమండలను కప్పు బూట్లు లేనిచో నీ యేర్పాటంతయు నసంపూర్ణము.

"మే నెలలో బెజవాడ యెండ మీ రెఱుగరా?" యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఎఱుగుదుము. ఆ యెండకు భయపడియే కొన్న కవచమును పెట్టెలో దాచువారినిగూడ నెఱుగుదుము. పెట్టెలో నున్న ఏఏఏ కంటె ప్రతిదినమును ఒంటిమీద నుండు ఏ తరగతి వేయిరెట్లు మేలు. గాలి యాడు జాలీ పంట్లాములు గలవు. వానిని మామూలు పంట్లాముపై తొడిగి కచ్చేరి చేరగనే విప్పవచ్చును. అదియు భారమైనచో, మోకాలిని ముంగాలిని కప్పి పట్టీలతో కట్టుకొను కవచములు సంచిలో నిముడును. అవి తొడను పిఱుదులను రాపిడినుండి కాపాడవు. ఐనను ఏమియు లేకుండుటకంటె నెంతయు మేలు.

వీనివలన నిజముగా ప్రయోజనము గలదా? ఆస్ట్రేలియాలో ప్రమాదములకు గురియైనవారిని పరిశీలించి 2011లో ప్రకటించిన పరిశోధనలో, మోటారు సైకిలునకై చేసిన పంట్లాములు ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసివచ్చుట, ధరింపనివారితో పోల్చిన ఇంచుమించు సగమే యని తేలినది. ఆ పంట్లాములలో నాలుగింట నొకటికి పైగా ప్రమాదమున చిఱిగి విఫలమైనవనియు నదే పరిశోధన చెప్పినది. కావున పేరును జూచి మోసపోక ప్రమాణమును జూచి కొనవలయును. లారీ చక్రము క్రింద పడిన కాలిని ఏ మెత్తయు కాపాడదు. కవచము తొడిగితిమిగదా యని వేగము పెంచువాడు కవచమును ద్రోహము చేసినవాడే.

కొనగలవారి కర్తవ్య మిది. కొనలేనివారి మాట యేమి? నిమిషములు లెక్కించి యువకులను వీథులకు తఱుము వ్యాపార సంస్థలు తమ పేరు ముద్రించిన చొక్కాల నిచ్చుచున్నవి. ఆ చొక్కాతోబాటు జత మోకాటి కవచముల నిచ్చుట వారికి భారమా? లాభము వారిదియు, విఱిగిన కాలు కూలివానిదియు నగుట న్యాయము కాదు. ప్రభుత్వమువారు హెల్మెట్టునకు నాణ్యతా ముద్ర విధించినట్లే కాళ్ళ రక్షణమునకును సులభమైన ప్రమాణమును, చౌక ధరను కల్పింపవలయును. చట్టము మెల్లగా నడచును. మోటారు సైకిలు వేగముగా నడచును. చట్టము వచ్చువఱకు కాళ్ళు కాచుకొని యుండలేవు. ఇంటికి తిరిగి వచ్చుటకు కావలసినవి కాళ్ళే గనుక వానిని కాపాడుకొనుటకు నేడే పూనుకొనవలయును.