పూతరేకుల సొమ్ము ఎవరి ఖాతాలో?

ఆత్రేయపురం: ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కాగితం రాకముందే ఈ మిఠాయి పేరు ఎల్లలు దాటిందన్నది వేరే సంగతి. ఊళ్లోకి వచ్చి కొనేవారు కొందరైతే, హైదరాబాదు, బెంగుళూరు నుంచి ఫోనులో చెప్పి కొరియరులో తెప్పించుకునేవారు మరికొందరు. సరుకు చేతికిచ్చి నోటు పుచ్చుకునే బేరంలో పేచీకి తావు తక్కువ. కొనే మనిషి కంటికి కనిపించని బేరం అలాంటిది కాదు. సొమ్ము ఏ దారిన రావాలి, ఎన్నాళ్లకు రావాలి, ఎవరి పేర జమ కావాలి అన్నవి ముందే తేల్చుకోవలసి ఉన్నది.

అలా తేల్చుకుని మొదలుపెట్టే ఇళ్లు తక్కువ. బ్యాగు తగిలించుకుని వచ్చిన కంపెనీ కుర్రవాడు "అంతా ఉచితం" అని క్యూఆర్ బొమ్మ గోడకు అంటించి వెళతాడు. ఖాతా నంబరు అడిగితే ఇంట్లో స్మార్ట్ ఫోను ఎవరి చేతిలో ఉంటే వారి నంబరు చెబుతారు. అది తరచు భర్తదో, ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకుదో అవుతుంది. కుండ ముందు కూర్చుని సెగకు ఓర్చి రేకులు తీసేది ఆడవారు. నెయ్యి, బెల్లం పొడి వేసి చుట్టేదీ వారే. ఆ కష్టం తాలూకు సొమ్ము మాత్రం వారి పేర ఒక్క రూపాయి కూడా కనిపించదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ముద్ర పథకం కింద శిశు రుణం 50 వేల రూపాయల వరకు ఇస్తారు. రుణం అడగడానికి వెళితే బ్యాంకు మేనేజరు ముందుగా చూసేది ఖాతాలో రాకపోకలు. పదేళ్లుగా పూతరేకులు చేస్తున్న మనిషి పాసు పుస్తకంలో డ్వాక్రా పొదుపు తప్ప మరేమీ లేకపోతే ఆమెకు వ్యాపారం ఉన్నదని మేనేజరుకు ఎలా తెలుస్తుంది?

మరో చిక్కు ఉన్నది. సైబరు నేరగాడు ఎక్కడో దోచిన సొమ్ముతో సరుకు కొంటే, ఆ సొమ్ము జాడ పట్టుకుని వచ్చే పోలీసు ఫిర్యాదు దుకాణదారు ఖాతా దాకా వస్తుంది. కొన్నిసార్లు ఆ మొత్తం వరకే ఆపుతారు, కొన్నిసార్లు ఖాతా అంతా స్తంభించిపోతుంది. తప్పు తనది కాదని రుజువు చేసుకునే లోపల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, గ్రూపు వాయిదా అన్నీ అదే ఖాతాలో ఇరుక్కుంటే ఆ కుటుంబం గతేమిటి? వ్యాపారానికి వేరే కరెంటు ఖాతా ఉండాలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. పొదుపు ఖాతాను వ్యాపారానికి వాడరాదని బ్యాంకుల నిబంధనల్లోనూ ఉన్నది. కరెంటు ఖాతాకు వడ్డీ రాదు, కనీస నిల్వ బ్యాంకుకో తీరుగా ఉంటుంది. అందుచేత రెండు మూడు బ్యాంకుల్లో అడిగి చూసుకోవాలి.

ఖాతా తేలాక రుసుముల మాట. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా చెల్లిస్తే 2020 జనవరి 1 నుంచి వర్తకుడిపై ఎండీఆర్ రుసుము లేదు. కాబట్టి క్యూఆర్ ఉచితమనడం అబద్ధం కాదు. పేరు పిలిచి సొమ్ము చెప్పే సౌండ్ బాక్సు మాత్రం ఉచితం కాదు, నెలనెలా అద్దె కోసుకుంటారు. నెలకు 100 రూపాయలనుకున్నా ఏడాదికి 1,200. చెల్లించినట్లు దొంగ తెర చూపించి పోయే ప్రబుద్ధులు ఉన్నారు గనుక రోడ్డు మీద రద్దీగా ఉండే దుకాణానికి ఆ పెట్టె అవసరమే. రోజుకు నాలుగు ఫోను ఆర్డర్లు వచ్చే ఇంటికి అది దండగ. సరుకు కట్టే ముందు బ్యాంకు ఖాతా చూసుకుంటే సరిపోతుంది.

పేమెంటు గేట్‌వే అవసరమయ్యేది కార్డుతో చెల్లించే దూరపు ఖాతాదారులకు. వెబ్‌సైటు లేకున్నా పేమెంటు లింకు తయారుచేసి వాట్సాప్‌లో పంపవచ్చు. చాలా సంస్థలు నూటికి సుమారు 2 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. 600 రూపాయల పెట్టె మీద 14 రూపాయల 16 పైసలు పోతాయన్న మాట. విదేశీ కార్డుకు ఇంకా ఎక్కువ. అమెరికాలో ఉన్నవారి మాటకొస్తే, 2023 జనవరిలో ఆ దేశంతో సహా 10 దేశాల ఫోను నంబర్లతో ఎన్నారై ఖాతాలకు యూపీఐ వాడుకునే అనుమతి వచ్చింది. వారి కోసం ప్రత్యేకంగా గేట్‌వే పెట్టుకునే ముందు ఆ సంగతి కనుక్కోవడం మంచిది.

పైసలు లెక్కపెట్టేవారు రోజులు లెక్కపెట్టడం మరచిపోతున్నారు. గేట్‌వేలో పడిన సొమ్ము సాధారణంగా ఒకటి రెండు పని దినాల తర్వాత గాని ఖాతాకు చేరదు. మధ్యలో ఆదివారం, పండుగ వస్తే మరింత ఆలస్యం. సంక్రాంతి ముందు నెయ్యి, బియ్యం, జీడిపప్పు రోజూ కొనవలసిన ఇంటికి మూడు రోజుల ఆలస్యమంటే మూడు రోజుల అప్పే.

ఇక అసలు గొడవ చార్జ్‌బ్యాక్. కొన్నవారు సరుకు రాలేదనో, విరిగిపోయి వచ్చిందనో తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆ మొత్తాన్ని వర్తకుడి నుంచి వెనక్కు తీసుకుంటారు. పూతరేకు పట్టుకుంటేనే పొడి అవుతుంది. కొరియరు లారీలో దాని గతి చెప్పనక్కరలేదు. నిర్ణీత గడువులో రుజువులు పంపకపోతే సొమ్ము పోయినట్లే. కట్టిన పెట్టె ఫొటో, కొరియరు రశీదు, చేరినట్లు వచ్చిన సమాచారం, ఖాతాదారుతో నడిచిన వాట్సాప్ మాటలు తుడిచేయకుండా ఉంచుకోవాలి. విరిగితే ఏమి చేస్తారో సొమ్ము తీసుకోక ముందే రాసి పంపితే సగం తగవులు పుట్టవు.

ఏ సంస్థ అయినా పెద్దదే కదా అని నమ్మి ఊరుకునే రోజులు కావివి. 2022 డిసెంబరులో కొన్ని పేరున్న గేట్‌వేలను కొత్త వర్తకులను చేర్చుకోవద్దని రిజర్వు బ్యాంకు ఆపింది. సుమారు ఏడాదికి గాని అనుమతి రాలేదు. 2024 మార్చి 15 తర్వాత పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ఖాతాల్లో కొత్త జమలు నిలిచిపోయాయి. క్యూఆర్‌ను ఆ ఖాతాకు ముడిపెట్టుకున్న వర్తకులు వేరే బ్యాంకు వెతుక్కోవలసి వచ్చింది. అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉన్నది. ఒక గేట్‌వే ఉన్నా, బ్యాంకు ఇచ్చే క్యూఆర్ మరొకటి పక్కన ఉంచుకోవడం తెలివైన పని.

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వర్తకులకు పన్ను నోటీసులు ఇచ్చారు. అక్కడ చాలా దుకాణాల్లో క్యూఆర్ బొమ్మలు పీకేశారు. ఆ భయం ఇక్కడా లేకపోలేదు. అయితే పన్నుకు లెక్క మొత్తం అమ్మకమే గాని సొమ్ము వచ్చిన దారి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కరలేదు. కానీ పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ మినహాయింపు వర్తించదన్న సంగతి ఎందరికో తెలియదు. అక్కాచెల్లెళ్లు ఉండే హైదరాబాదు కూడా 2014 నుంచి ఆ లెక్కలో వేరే రాష్ట్రమే! కొరియరు వ్యాపారం పెంచదలచినవారు గేట్‌వే ఫారం నింపే ముందే ఆడిటరును కలవడం అవసరం.

ఈ విషయాలన్నీ ఒక్కొక్క ఇల్లాలు బ్యాంకు కౌంటరు వద్ద నిలబడి తెలుసుకోవాలంటే కుదిరే పని కాదు. అక్కడ ఒక పూట పోతే ఆ పూట కుండ చల్లారినట్లే. పండుగ గిరాకీ మొదలు కాకముందే మహిళా సమాఖ్యవారు, బ్యాంకువారు కలిసి గ్రామంలోనే ఒక రోజు కూర్చుని, పూతరేకులు చేసే మహిళల పేర కరెంటు ఖాతాలు తెరిపించి, వాటికే క్యూఆర్‌లు ఇప్పించాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు రుసుము లేదు, అదీ అక్కడే చేయించవచ్చు. పాన్ కార్డు లేనివారికి ఆ దరఖాస్తు ముందుగా నింపిస్తే వచ్చే సీజను నాటికైనా ఖాతా వారి పేర ఉంటుంది.