పాత ఫ్రీజర్ తీసుకోండి, కొత్తదానికి సాయం చేయండి

కిరాణా కొట్టు, పాల బూత్, కూల్‌డ్రింక్ షాపు నడుపుకునే అన్నలకూ అక్కలకూ, మన ఓట్లడిగే నాయకులకూ –

ఎండలు ముదిరాయంటే కొట్లో ముందుగా మొరాయించేది డీప్ ఫ్రీజరే. ఐస్‌క్రీం జావైపోతుంది, పెరుగు ప్యాకెట్లు పులిసి ఉబ్బుతాయి. మెకానిక్ వచ్చి చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ పోయిందన్నా" అంటాడు. లోపల మిగిలిన కాస్తనూ పైపు తెంచి బుస్సుమని బయటికి వదిలేస్తాడు. కొత్తది ఎక్కించి, డబ్బు తీసుకుని బండెక్కుతాడు. లీకు ఎక్కడుందో వెతికే తీరిక అతనికీ లేదు, గిరాకీ వదులుకోలేని మనకీ లేదు. మళ్లీ వేసవికి మళ్లీ అదే తంతు.

ఆ బుస్సుమన్నది ఏమిటో ఓసారి ఫ్రీజర్ వెనక స్టిక్కర్ చూడండి. ఆర్-404ఏ అని ఉంటే, అది 300 గ్రాములు గాల్లో కలిసినా దాదాపు 1,170 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఆర్-134ఏ అయితే 430 కిలోలు. ఆర్-290 అని ఉంటే ఒక్క కిలో! ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంటగ్యాస్‌లో ఉండేదే.

"అమ్మో, అంటుకుంటుందిగా!" అంటారు. అంటుకుంటుంది, నిజమే. కానీ చిన్న ఫ్రీజర్‌లో పట్టేది 150 గ్రాముల లోపు. ఇంట్లో 14.2 కిలోల బండ పెట్టుకుని అన్నం వండుకుంటున్నాం కదా. భయపడాల్సింది చేతకాని రిపేరుకు. పాత మెషీన్‌లోకి వంటగ్యాస్ ఎక్కించే తెలివి మాత్రం ఎవరూ చూపొద్దు. మెకానిక్‌లకు సర్కారు ఖర్చుతో శిక్షణ ఇవ్వమని మేం అడిగేది ఇందుకే.

పాత గ్యాసుల నుంచి ఆర్-290 లాంటి వాటికి మారడం ఎలాగూ తప్పదు. ఇలాంటి గ్యాసులను తగ్గించేందుకు దేశాలు కుదుర్చుకున్న 2016 నాటి కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. ఈ పాత రకం గ్యాసుల వాడకం 2028 నుంచి పెరగకుండా ఆపాలి, 2032 నుంచి తగ్గిస్తూ 2047 కల్లా 85 శాతం కోసేయాలి. సరుకు తగ్గితే ధర ఏమవుతుందో కిరాణా వాళ్లకు వేరే చెప్పాలా?

దుకాణాల్లో శీతల యంత్రాలు మార్చుకోవడానికి సాయం చేసేందుకు కాలిఫోర్నియా 2018లోనే చట్టం చేసింది. అంత దూరం పోనక్కర్లేదు. 2014లో గుంటూరు, అనంతపురం లాంటి జిల్లాల్లో పాత బల్బు ఇచ్చి పది రూపాయలకు ఎల్‌ఈడీ తెచ్చుకున్నది మనమే. ఫ్రీజర్‌కూ ఆ పద్ధతే పెట్టండి. పాతది అప్పగిస్తేనే రాయితీ ఇవ్వాలి. లేదంటే అది సెకండ్ హ్యాండ్‌లో పక్క ఊరి కొట్టుకు చేరి, అక్కడ బుస్సుమంటుంది. అప్పగించిన దాంట్లోని గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగాకే ఇనుప సామాన్లకు పంపాలి. కొత్తదాని ధరలో మిగిలిన సొమ్మును కరెంటు బిల్లుతో పాటు వాయిదాల్లో కడతాం.

ఇక కంపెనీలు షాపుల్లో పెట్టించే ఫ్రిజ్‌ల సంగతి. ఫ్రిజ్ వాళ్లది, బొమ్మ వాళ్లది, బిల్లు మనది. వాళ్లకు రాయితీ దేనికి? మంచి గ్యాస్ మెషీనే ఇవ్వాలని నిబంధన పెడితే చాలు.

స్టిక్కర్ ఫోటో తీసుకోండి. ఈ వేసవి గ్యాస్ ఎక్కించిన రసీదు పారేయకండి. రసీదు ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి. బడ్జెట్ సమావేశాలకు ముందే అవన్నీ పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి కలిసి వెళ్దాం.